ఆదివారం బస్సులో ఎంతమంది

జూన్ 3

లెక్కలమ్మకి,

కుట్టుమిషను ఆపి పెద్దమ్మ రాస్తున్నది. ఫోనులో నేను గొంతు పెంచగానే నువ్వు పెట్టేస్తున్నావు. ఉత్తరమైతే చివరిదాకా చదవక తప్పదు. అందుకే ఇక మీదట కాగితమే.

డిగ్రీ చేతికొచ్చి ఇన్నాళ్లయింది కదా, ఉద్యోగం సంగతి ఏమైంది? అడుగుతున్నది నేను కాదు, గంభీరం. మరిచిపోయావేమో, మెయిన్ రోడ్డు మీది పెద్ద ప్రార్థన మందిరానికి పెద్ద, దాని పక్క బడికి యజమాని, అద్దంలో తన్ను తాను చూసుకుని లేచి నిలబడే రకం. నిన్న పిల్లల యూనిఫారాలు ఇవ్వడానికి వెళ్తే పదిమంది ముందూ, "మీ చెల్లెలి కూతురు అప్లైడ్ మ్యాథమెటిక్స్ అన్నావు కదమ్మా! అప్లైడ్ అంటే ఇంకా అప్లై చేస్తూనే ఉందన్నమాట" అన్నాడు. ఎవరూ నవ్వకముందే తనే నవ్వాడు. తర్వాత జాలి ఒకటి. "ఏమీ దొరక్కపోతే మా బళ్లో రెండో తరగతికి ఎక్కాలు చెప్పుకోమను, ఖాళీ ఉంది."

ఆ జాలిని మూటగట్టి అతని మొహాన కొట్టాలనిపించింది. చేతిలో యూనిఫారాలు ఉండబట్టి ఊరుకున్నాను.

ఒక్కటే మాట. ఆ మనిషి బళ్లో సుద్దముక్క పట్టుకోవడానికి కాదు నువ్వు చదివింది. నీ చదువుకి తగిన కుర్చీ ఒకటి సంపాదించు. వానలు వెనకబట్టేదాకా మీ అమ్మని నేను ఆపుతాను. ఆ తర్వాత అది నిన్ను రమ్మంటుంది, గంభీరం దగ్గరికి పంపిస్తుంది. అప్పుడు నా మాట చెల్లదు.

నా ప్రార్థనలోనూ, కోపంలోనూ ఉన్నావు.
పెద్దమ్మ

---

జూన్ 12

పెద్దమ్మకి,

చివరిదాకా చదివాను. గంభీరం జోకు బాగానే ఉంది, అదే బాధ.

ఇక్కడి సంగతి విను. మొదట బ్యాంకు. పరీక్షలో చిన్నపిల్లలు చేసే వడ్డీ లెక్క ఇచ్చారు. చేశాను. ఎంతో మెచ్చుకుని, వచ్చిపోయే వాళ్లకి కార్డులు అంటగట్టే బల్ల దగ్గర కూర్చోమన్నారు. "మరి లెక్కలు?" అన్నాను. "అవి మిషను చేస్తుందమ్మా, నువ్వు నవ్వితే చాలు" అన్నాడు మేనేజరు. నవ్వలేదు.

తర్వాత ఒక సాఫ్ట్‌వేర్ కంపెనీ. నాకంటే చిన్నవాడొకడు కాళ్లూపుకుంటూ, ఒక మాటని చివరి నుంచి మొదటికి రాసే పద్ధతి చెప్పమన్నాడు. చెప్పాను. ఇది ఎక్కడ పనికొస్తుందని అడిగాను. అతనికి తెలియదు. అతన్ని ఎవరో అదే అడిగారట, అందుకని అడుగుతున్నాడు. మొత్తం కంపెనీ ఇలాగే ఒకర్ని చూసి ఒకరు నడుస్తోందని నాకు అనుమానం.

మూడోది కోచింగ్ సెంటర్. లెక్క చేయకుండా జవాబు ఊహించడం ఎలాగో పిల్లలకి నేర్పాలట. లెక్క చేయడం నేర్పితే ఏమవుతుందన్నాను. "టైము వేస్టు" అన్నాడు యజమాని. అతని గోడ నిండా గణిత మేధావుల బొమ్మలున్నాయి, వాళ్ల వంక చూసి బయటికొచ్చాను.

మా క్లాసులో మొదటి ర్యాంకు అమ్మాయి ఇప్పుడు ఫ్లాట్లు అమ్ముతోంది. అనువర్తన గణితం అంటే ఇదేనేమో.

హాస్టలు గదిలో మంచాలు మూడు, కిటికీ ఒకటి. అది తెరిస్తే పక్క మేడ నీళ్ల పైపు. అయినా రెండో తరగతికి మాత్రం రాను, అమ్మకి చెప్పు.

నవ్వని,
లెక్కలమ్మ

---

జూన్ 20

లెక్కలమ్మకి,

ఆ బ్యాంకు మేనేజరుకి నా నోటి నుంచి రెండు మాటలు పడాల్సింది, తప్పించుకున్నాడు.

నువ్వు దిగులు పడకు. లేఖనంలో చెరసాలలో ఉన్న ఒక కుర్రాడు తిన్నగా రాజు కొలువుకి వెళ్లాడు. ఏ డిగ్రీ చూసి? రాజుకొచ్చిన కలలో బలిసిన ఆవులు ఇన్ని, బక్క ఆవులు ఇన్ని, కాబట్టి ధాన్యం ఇంత దాచు అన్నాడు. అంతే. అది నీ అనువర్తన కాక మరేమిటి? ఆ రాజు బుద్ధిమంతుడు. కూర్చోబెట్టి, ఒక మాటని వెనక్కి రాయమని అడగలేదు.

ఇప్పటి దొరలున్నారే, వీళ్లు జలప్రళయానికి ఓడ కట్టిన ఆ ముసలాయన వస్తే కూడా మూరలు కొలవడం వచ్చా అని చూడరు, ఇంగ్లీషు వచ్చా అని చూస్తారు. ఆ పైన ఓడలో సీట్లు అమ్మమంటారు.

ఇక్కడ నేను బోధించే మన మందిరం సంగతి ఏం చెప్పను! రేకుల షెడ్డే కావచ్చు, ఆదివారం చోటు చాలడం లేదు. జనం మెట్ల మీద కూర్చుంటున్నారు. పెంకుల ఫ్యాక్టరీ దగ్గర ఆగే పొద్దున బస్సు మన వాళ్లతోనే నిండిపోతుంది. గంభీరం మాత్రం "ఆవిడ షెడ్డుకి ఎవరు పోతున్నారు, మూసేసి మాలో కలిపేస్తే పోలా" అని చెప్పుకు తిరుగుతున్నాడు. కళ్లుండీ చూడని వాళ్ల గురించి రెండు గంటలు బోధించాను. నా గొంతు పోయింది, అతని చెవికి ఎక్కలేదు.

వెతుకు. తలుపు తెరుచుకోకపోతే గట్టిగా కొట్టు.
పెద్దమ్మ

---

జులై 8

పెద్దమ్మకి,

దొరికింది. రవాణా సంస్థలో ప్రణాళికా విభాగం. ఏ బస్సు ఎక్కడికి నడవాలి, ఏది ఆపాలి, అదంతా లెక్క కట్టి చెప్పాలి. నిజంగా నేను చదివిన చదువే, నమ్మలేకపోతున్నాను.

కానీ ఖాయం కాదు. నా చేత ఒక రిపోర్టు రాయిస్తారు. అది నిలబడితే ఉద్యోగం, లేకపోతే రెండో తరగతి. రిపోర్టు దేని మీదో చెప్పకూడదు. ఎక్కడెక్కడ లెక్కలు తీస్తున్నామో ఇంట్లో వాళ్లకి కూడా చెప్పకూడదని నియమం. చెబితే ఆ రోజుకి జనాన్ని తోలుకొచ్చి బస్సులు నింపేస్తారట.

మా అధికారి గురించి ఒక్క మాట. లెక్కలంటే ఆయనకి భయం. భయాన్ని గౌరవంగా నటిస్తాడు. నేను ఒక సూత్రం రాసి చూపిస్తే, కాగితాన్ని దూరంగా పట్టుకుని "అద్భుతం" అన్నాడు. కాగితం తలకిందులుగా ఉంది.

అమ్మకి నువ్వే చెప్పు, కొంచెం నెమ్మదిగా. మందిరంలో మాత్రం చెప్పకు.

లెక్కలమ్మ

---

జులై 17

లెక్కలమ్మకి,

మందిరంలో చెప్పాను. చెప్పకుండా ఎలా ఉంటానే! బోధ మధ్యలో ఆపి, "ఈ దేశంలో ఏ బస్సు ఎటు తిరగాలో ఇక మా పిల్ల చెబుతుంది" అన్నాను. మీ అమ్మ సిగ్గుతో తల వంచుకుంది గానీ లోపల పొంగిపోయింది. సాయంత్రానికల్లా గంభీరానికి తెలిసింది. "ఖాయం అయ్యాక చెప్పమ్మా, రెండో తరగతి ఖాళీ అట్టే పెట్టాను" అన్నాడట. ఎంత ఓపికో చూడు, గద్దలాగా.

ఇక నాకో పని చేసిపెట్టు. ఆదివారం పొద్దున ఇంకో బస్సు వేయించు. ఉన్నదాంట్లో మన వాళ్లు కాలు పెట్టే చోటు లేదు. మొన్నటి ఆదివారం కూడా ఒకరి మీద ఒకరు పడి వచ్చారు. నువ్వు లెక్క కడితే వాళ్లు కాదంటారా?

పొంగుతున్న
పెద్దమ్మ

---

జులై 30

పెద్దమ్మకి,

రెండో బస్సు నా చేతిలో లేదు. అడగకు, నియమం గుర్తుంది కదా.

పోయిన వారం ఒక దొంగని పట్టుకున్నాను. మాకు లెక్క తెచ్చేది బస్సుల్లో కూర్చునే మనుషులు. నొక్కితే అంకె పెరిగే చిన్న డబ్బీ వాళ్ల చేతిలో ఉంటుంది. ఎక్కినవాళ్లు ఎక్కినట్టు నొక్కాలి. వాళ్లలో ఒకడు వయసు మళ్లినవాడు. ఎప్పుడూ చిరాకు, పలకరిస్తే మూతి తిప్పుతాడు. అతను తెచ్చిన కాగితంలో ఒక ట్రిప్పుకి ప్రతి స్టాపులోనూ సున్నా. నాకు బాగా తెలిసిన ట్రిప్పు. సున్నా కావడానికి వీల్లేదు. ఇంట్లో పడుకుని సున్నాలు చుట్టి తెచ్చాడు.

పైకి రాసి పంపించాను. అతన్ని పనిలోంచి ఆపేశారు. వెళ్తూ వెళ్తూ నా బల్ల దగ్గర ఆగి, "నువ్వు ఎప్పుడైనా బస్సెక్కావా పాపా?" అన్నాడు. ఇలాంటి వాళ్ల వల్లే లెక్కలంటే జనానికి నమ్మకం పోయింది.

మా అధికారి నన్ను తెగ మెచ్చుకున్నాడు. ఖాయం అవుతుందేమో.

లెక్కలమ్మ

---

ఆగస్టు 1

లెక్కలమ్మకి,

నీ ఉత్తరం ఇంకా రాలేదు, ఆగలేక రాస్తున్నాను. గంభీరాన్ని చిత్తు చేశాను!

ఈ మధ్య ఆదివారం బస్సులో ఒక ముసలి మనిషి ముందు సీట్లో కూర్చుంటున్నాడు. పలకడు, నవ్వడు. చేతిలో ఏదో డబ్బీ, మనిషి ఎక్కితే టిక్కు, ఇంకొకరు ఎక్కితే టిక్కు. ఎవరు పంపారో అడగాలా? మన షెడ్డుకి ఎందరు వస్తున్నారో లెక్క తీసి పదిమందిలో చదవాలని గంభీరం పంపిన వేగు. నాకు చూడగానే తెలిసిపోయింది.

నేను లేఖనం తీశాను. గర్వం తలకెక్కి తన జనాన్ని లెక్క పెట్టించిన రాజు మీద ఏం తెగులు పడిందో చదివి వినిపించాను. "దేవుడి మందకి వేలు చూపించి లెక్క పెట్టేవాడి బస్సు మనం ఎక్కొద్దు" అన్నాను. అంతే, ఆ మరుసటి ఆదివారం మన వాళ్లందరూ రోడ్డు పక్కన పాటలు పాడుతూ నడిచారు. బస్సు మా పక్కనుంచే పోయింది. డ్రైవరు, కండక్టరు, టిక్కుటిక్కు, అంతే లోపల. నేను కిటికీకి ఎదురుగా నిలబడి, "నొక్కు నాయనా, గాలిని లెక్కపెట్టు!" అన్నాను. అందరూ చప్పట్లు కొట్టారు. మొన్నటి ఆదివారం వాడు రానేలేదు. పారిపోయాడు!

ఎన్నాళ్లకి నా మనసు ఇంత తేలికైందో.
పెద్దమ్మ

---

ఆగస్టు 6

పెద్దమ్మా,

అతన్ని పంపింది గంభీరం కాదు. నేను.

సెలవు రోజుల ట్రిప్పులు ఏవి ఉంచాలో, ఏవి తీసేయాలో, అదే నా రిపోర్టు. ఆ సున్నాలు నిజం. వాటిని అబద్ధం చేసింది నువ్వు. నీ బస్సు కిటకిటలాడుతుందని నువ్వు రాసిన ముక్క నమ్మి, ఒక మనిషిని దొంగ అని రాసి పనిలోంచి తీయించాను.

ఇప్పుడు అదే చేత్తో నా తప్పు నేను రాసుకుని తీసుకెళ్లాలి. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో తెలియదు. గంభీరానికి చెప్పు, ఖాళీ అట్టే పెట్టమని.

ఇప్పుడు పాడండి పాటలు.

---

ఆగస్టు 12

లెక్కలమ్మకి,

సంతకం కూడా పెట్టలేదు నువ్వు. సరే.

నాకెలా తెలుస్తుందే? ఇంట్లో చెప్పొద్దన్నది నీ నియమం. డబ్బీ పట్టుకుని కూర్చున్న ప్రతి మూగవాడూ మా పిల్ల తరఫున వచ్చాడని దర్శనం కావాలా నాకు? ఆ మనిషికైనా నోరుంది కదా, "ఫలానా సంస్థ నుంచి వచ్చానమ్మా" అనొచ్చు కదా! జనాన్ని లెక్కపెట్టడం తప్పని చెప్పింది నేను కాదు, లేఖనం. నేను నిలబడ్డ చోటే నిలబడి ఉన్నాను.

అయినా నీ ఉద్యోగం నా వల్ల పోకూడదు. మళ్లీ పంపించు ఆ టిక్కుటిక్కుని. ఈసారి బస్సు నింపి చూపిస్తాను. పెంకుల ఫ్యాక్టరీ వాళ్లని పిలుస్తాను, మీ అమ్మ వెంట పనిచేసే ఆడవాళ్లందర్నీ ఎక్కిస్తాను, పైన కూడా కూర్చోబెడతాను. వాడి వేలు నొప్పెట్టాలి.

మీ అమ్మ నాతో మాట్లాడటం మానేసింది.
పెద్దమ్మ

---

ఆగస్టు 18

పెద్దమ్మకి,

వద్దు. ఒక్క మనిషిని కూడా పిలవకు. నువ్వు నింపిన బస్సుకీ, నువ్వు ఖాళీ చేసిన బస్సుకీ నా దగ్గర తేడా లేదు, రెండూ అబద్ధాలే.

ఆఫీసులో జరిగింది చెప్తాను. నా తప్పు రాసి ఇచ్చాను. అధికారి చదివి, "సున్నా కనిపిస్తే నమ్మకుండా ఇంట్లోంచి వచ్చిన ఉత్తరం నమ్మావా? ఏ కాలేజీలో నేర్పారమ్మా ఈ గణితం?" అన్నాడు. ఆయన నోటి నుంచి మొదటిసారి తెలివైన మాట వచ్చింది, అదీ నా మీద. ముసలాయన్ని మళ్లీ పనిలోకి తీసుకున్నారు. వెళ్లి క్షమించమని అడిగాను. "నీ క్షమాపణ ఎవడిక్కావాలి, ఒక్క ఆదివారం సెలవిప్పించు" అన్నాడు. వెళ్లబోతూ, "మీ పెద్దమ్మేనా అది? గొంతు మాత్రం గట్టిది" అన్నాడు.

ఇంకోసారి లెక్క తీస్తారు. నా రిపోర్టు దాని మీదే ఉంది. ఎప్పుడో చెప్పను.

ఇంకొక్కటి. నువ్వు జనాన్ని లెక్కపెట్టిన రాజు కథ చెప్పావు. గొర్రెల కాపరి కథ కూడా నువ్వే చెప్పావు, నా చిన్నప్పుడు, మిషను తొక్కుతూ. ఒక గొర్రె తప్పిపోతే మిగతా వాటిని వదిలి వెతకడానికి పోయాడని. ఒకటి తగ్గిందని అతనికి ఎలా తెలిసింది పెద్దమ్మా? సాయంత్రం దొడ్డి దగ్గర నిలబడి లెక్కపెట్టాడు కాబట్టి. "చోటు చాలడం లేదు, మెట్ల మీద కూర్చుంటున్నారు" అని ఉత్తరాలు రాసుకుంటూ ఉంటే అది పోయినట్టు కూడా తెలిసేది కాదు.

లెక్కలమ్మ

---

ఆగస్టు 27

లెక్కలమ్మకి,

నీ కాపరి మాట చదివి మిషను మీద కూర్చుంటే గుడ్డ వంకరగా కుట్టుకుపోయింది. ఇన్నేళ్ల నుంచి ఆ భాగం బోధిస్తున్నాను, ఆ సంగతి నాకు తట్టలేదు. బయటివాళ్లెవరైనా ఎత్తి చూపితే నోరు మూయించేదాన్ని. నువ్వయ్యేసరికి కుదరలేదు.

నిన్న ఆ టిక్కుటిక్కు ఆయన మళ్లీ వచ్చాడు. నేను ఎవరికీ కబురు పెట్టలేదు, ఎవర్నీ ఆపలేదు. బస్సులోకి ఎక్కి, వెనక సీట్లో కూర్చుని, జీవితంలో మొదటిసారి ఏమీ మాట్లాడకుండా చూశాను. టిక్కు వినిపించిన ప్రతిసారీ తల తిప్పి ఎవరా అని చూశాను. దిగేదాకా అలాగే ఉన్నాను.

ఎంత కష్టమో తెలుసా? ఆ పక్క వీధి ఆవిడ ఎప్పుడు మానేసిందో నాకు తెలియదు. వెల్డింగు కుర్రాడు, అతని భార్య కూడా రావడం లేదు. వాళ్లని పలకరించి ఎన్నాళ్లయిందో. నేను ఎప్పుడూ వేదిక మీంచి చూస్తాను, అక్కణ్ణుంచి పది తలలు కూడా జనసముద్రంలాగే కనపడతాయి. మెట్ల మీద కూర్చునేది ఉక్కపోత వల్లే, చోటు లేక కాదు.

ఆ అంకె నీకు చేరే ఉంటుంది. ఇక్కడ రాయను.

దిగేటప్పుడు ముసలాయన నా వంక చూసి, "ఇవాళ పాడలేదేం?" అన్నాడు. ఆయనకి కూడా వెటకారమే. ఈ లెక్కలవాళ్లకి అదొక రోగమేమో.

పెద్దమ్మ

---

సెప్టెంబరు 8

పెద్దమ్మకి,

అంకె చేరింది. నేనూ రాయను.

ట్రిప్పు ఉండాలంటే ఎంతమంది ఎక్కాలో ఆ గీత గీసింది నేనే. నడవలేని వాళ్లు ఎందరు, వేరే బస్సు ఎంత దూరంలో ఉంది, అన్నీ వేసి చూశాను. ఒకటికి నాలుగుసార్లు చూశాను, ఎక్కడైనా తప్పు చేశానేమోనని ఆశగా. తప్పు లేదు. మన బస్సు గీతకి కింద పడింది.

అధికారి పిలిచాడు. తలుపు వేసి, "మీ ఊరి బస్సే కదా, కొంచెం కలుపుకో, ఎవరు చూస్తారు? అదే చేత్తో మా బావమరిది ఊరి ట్రిప్పుకీ కొంచెం కలిపెయ్" అన్నాడు. ఖాయం చేసే సంతకం ఆయనదేనని కూడా గుర్తు చేశాడు. ఆ మొహం చూస్తే, గంభీరం ఎంతో నయమనిపించింది. నువ్వు చెప్పే కథే జ్ఞాపకం వచ్చింది, రాజు విందులో గోడ మీద వేళ్లు వచ్చి రాసిన కథ. త్రాసులో వేస్తే తక్కువ తూగావని రాసిన వేళ్లు ఇంకొంచెం కలపలేదు కదా.

రెండు ట్రిప్పులూ తీసేయమని రాసి ఇచ్చాను. పైవాళ్లు ఒప్పుకున్నారు. వచ్చే ఆదివారం నుంచి మన బస్సు రాదు. నువ్వు నన్ను తిట్టు, పడతాను.

అధికారి నా ఉద్యోగం ఖాయం చేస్తూ సంతకం పెట్టాడు. ఇష్టమై కాదు. పైవాళ్లు ఆ సూత్రం వివరించమన్నారు, ఆయన ఇప్పటికీ కాగితం తలకిందులుగానే పట్టుకుంటున్నాడు. నా చదువుకి ఉన్న గిరాకీ అంతే పెద్దమ్మా, వాళ్లకి అర్థం కానంత కాలం కుర్చీ నాది.

లెక్కలమ్మ

---

సెప్టెంబరు 22

లెక్కలమ్మకి,

బస్సు రాలేదు. నడిచాం. పాటలు పాడుకుంటూ కాదు, ఊరికే నడిచాం. వెల్డింగు కుర్రాడి ఇల్లు దారిలోనే, తలుపు కొట్టాను. ఎందుకు రావడం లేదంటే, "మీరు ఎవర్నీ చూడరు కదండీ, మేం వచ్చినా రాకపోయినా మీకు ఒకటే అనుకున్నాం" అంది అతని భార్య. నాకు కోపం రావాలి. రాలేదు. పక్క వీధి ఆవిడ కాలు విరిగి మంచంలో ఉంది, వానలకి ముందు నుంచి. ఆవిడ ఇంట్లోనే కూర్చుని ప్రార్థన చేసి, షెడ్డుకి ఆలస్యంగా వెళ్లాం.

నిన్ను తిట్టాలని కూర్చున్నాను. కాగితం సగం నింపి చింపేశాను. నువ్వు నా బస్సు తీసేశావు, అది నిజం. మీ అధికారి కలపమన్న ఆ కొంచెం కలపలేదు, అదీ నిజం. ఇందులో దేనికి కోపగించుకోవాలో, దేనికి గర్వపడాలో తేలేదాకా తిట్లు నా దగ్గరే ఉంచుతాను.

గంభీరం ఊరుకుంటాడా! మొన్న వాళ్ల గుమ్మంలో నిలబెట్టి, పంతులమ్మలందరూ వింటుండగా, "ఏమమ్మా, దేశం బస్సులన్నీ తిప్పుతానన్న మీ పిల్ల చివరికి మీ బస్సే పీకేసిందటగా?" అన్నాడు. ముందు తనే నవ్వాడు.

"పీకేసింది," అన్నాను. "నీ బళ్లో రెండో తరగతి చెప్పుకుంటూ కూర్చుని ఉంటే పీకగలిగేదా?"

ఈసారి నవ్వింది పంతులమ్మలు.

నీ
పెద్దమ్మ